ఏ పంపు అని కాదు, ఎన్ని లీటర్లు అని అడగండి

"మీ టీమ్ కారుకు ఏ ఫ్యూయల్ పంపు పెట్టారు?"

"255 లీటర్ల పంపు సార్. హై పెర్ఫార్మెన్స్."

"అదే ఎందుకు?"

"అందరూ అదే పెడతారు సార్. సీనియర్స్ కూడా అదే వాడారు."

"సరే. మీ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో గంటకు ఎన్ని లీటర్ల పెట్రోలు తాగుతుంది?"

అబ్బాయి ఫైలు వైపు చూశాడు. ఆ జవాబు ఫైల్లో లేదు.

ఆటోమొబైల్ కోర్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఈ సీను నాకు కొత్త కాదు. అబ్బాయి సోమరేమీ కాదు. రెజ్యూమేలో స్టూడెంట్ రేసింగ్ టీమ్, పవర్‌ట్రెయిన్ లీడ్ అని ఉంది. నాలుగు నెలలు వర్క్‌షాపులోనే పడుకుని కారు కట్టాడు. చేతుల మీద వెల్డింగ్ మచ్చలున్నాయి. అంత కష్టపడ్డవాడు కూడా ఒక్క చిన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఎందుకంటే పంపును పేరు చూసి కొన్నాడు, లెక్క చూసి కాదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. పవర్ పెంచిన కారులో టర్బో, ఎగ్జాస్ట్ గురించి అందరూ గొప్పగా మాట్లాడతారు. ఫ్యూయల్ పంపు, పెట్రోలు పైపులు మాత్రం ఆఖర్లో గుర్తొస్తాయి. కానీ మీరు ఇంజినీరులా ఆలోచిస్తారా లేదా అన్నది తేల్చడానికి కారు మొత్తంలో ఇంతకంటే మంచి చోటు లేదు. లెక్క చిన్నది, నాలుగు గుణకారాలు, రెండు భాగాహారాలు. అది చేశారా లేదా అన్నది ఐదు నిమిషాల్లో బయటపడిపోతుంది.

ముందు ఇంజిన్ ఆకలి ఎంతో చూడండి

మన దేశంలో ఫార్ములా భారత్, సుప్రా ఎస్ఏఈ ఇండియా లాంటి పోటీలకు తెలుగు రాష్ట్రాల కాలేజీలు కూడా వెళుతుంటాయి. ఫార్ములా స్టూడెంట్ నిబంధనల ప్రకారం పెట్రోలు ఇంజిన్ 710 సీసీ దాటకూడదు. గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ గుండానే లోపలికి వెళ్లాలి. మన టీములు చాలావరకు కేటీఎం 390 సింగిల్ సిలిండర్ ఇంజిన్‌ను ఎంచుకుంటాయి. పాత 373 సీసీ ఇంజిన్ బైకు మీద ఇచ్చే గరిష్ఠ శక్తి సుమారు 32 కిలోవాట్లు.

ఇప్పుడు లెక్క. మంచి కండిషన్‌లో ఉన్న, టర్బో లేని పెట్రోలు ఇంజిన్ ఫుల్ లోడ్‌లో ఒక కిలోవాట్ శక్తిని గంటసేపు ఇవ్వడానికి దాదాపు 300 గ్రాముల ఇంధనం తీసుకుంటుంది. దీన్నే బీఎస్ఎఫ్‌సీ అంటారు. థర్మల్ ల్యాబ్‌లో మీరంతా చేసిన ప్రయోగమే. 32ని 0.3తో గుణిస్తే గంటకు 9.6 కిలోలు. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో అనుకుంటే 12.8 లీటర్లు. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్‌లో లీటరుకు శక్తి తక్కువ కాబట్టి మరో 7 శాతం కలపండి. దాదాపు 14 లీటర్లు. ఫిల్టర్ మురికి పట్టినా, బ్యాటరీ కొంచెం దిగినా ఇబ్బంది రాకుండా 25 శాతం మార్జిన్ ఇవ్వండి. 17, 18 లీటర్లు అవుతుంది. పోనీ 20 అనుకుందాం.

అంటే ఆ అబ్బాయి కారుకు కావాల్సింది గంటకు 20 లీటర్లు. పెట్టింది 255 లీటర్ల పంపు. పన్నెండు రెట్లు పైమాట! ఆ బైకుతో పాటు కంపెనీ ఇచ్చిన పంపే ఈ పనికి సరిపోతుంది. దాన్ని పక్కన పడేసి, వేలు పోసి ఇంకోటి కొన్నారు.

పెద్దది పెడితే పోయేదేముంది?

ఇది నన్ను చాలామంది అడుగుతారు. 'ఎక్కువైతే రిటర్న్ లైన్‌లో ట్యాంకుకే వెళ్లిపోతుంది కదా సార్, నష్టమేంటి?' అని. నష్టం ఉంది. అది కూడా లెక్కలోనే కనిపిస్తుంది.

ఇంజిన్ తాగేది పోను మిగతా 240 లీటర్లు ట్యాంకులోకి తిరిగొస్తూనే ఉంటాయి. ట్యాంకులో ఉన్నది 5 లీటర్లు. అంటే అదే పెట్రోలు గంటకు దాదాపు 50 సార్లు ఇంజిన్ దాకా వెళ్లి, వేడెక్కి, వెనక్కొస్తుంది. అంత పంపు కరెంటు కూడా ఎక్కువే లాగుతుంది. 8 ఆంపియర్లు అనుకుంటే దాదాపు 100 వాట్లు. ట్యాంకు లోపలి పంపు అయితే ఆ 100 వాట్లూ చివరికి పెట్రోల్లోనే వేడిగా మారతాయి. చిన్న వాటర్ హీటర్‌ను ట్యాంకులో వేలాడదీసినట్టే. 5 లీటర్ల పెట్రోలుకు అరగంట పాటు 100 వాట్ల వేడి ఇస్తే, బయటికి పోయేది వదిలేస్తే, 20 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. నడుస్తున్నకొద్దీ ట్యాంకులో పెట్రోలు తగ్గుతుంది కాబట్టి పెరుగుదల ఇంకా వేగంగా ఉంటుంది.

పెట్రోలు నీళ్లలాగా ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరగదు. అందులోని తేలిక భాగాలు 40 డిగ్రీల చుట్టుపక్కలే ఆవిరవడం మొదలుపెడతాయి. పంపు ఇన్‌లెట్ దగ్గర పీడనం కొంచెం తగ్గినా చాలు, బుడగలు వస్తాయి. పంపు బుడగలను తోయలేదు. రైలులో ప్రెషర్ పడిపోతుంది, ఇంజిన్ తడబడుతుంది. ఫార్ములా స్టూడెంట్‌లో అన్నింటికంటే ఎక్కువ మార్కులు ఉండే ఎండ్యూరెన్స్ రేసు 22 కిలోమీటర్లు. మొదటి సగం బాగా నడిచిన కారు రెండో సగంలో దగ్గడం మొదలుపెడుతుంది. టీమ్ ఏమనుకుంటుంది? 'పంపు చాలట్లేదురా, వచ్చే ఏడాది ఇంకా పెద్దది పెడదాం' అనుకుంటుంది. రోగానికి కారణమైనదాన్నే మందుగా డోసు పెంచి ఇస్తున్నారన్నమాట.

దగ్గుకు రెండో కారణం కూడా ఉంది. కారు మలుపులో 1.5 జీ పార్శ్వ త్వరణంతో తిరిగితే, ట్యాంకులో పెట్రోలు మట్టం 56 డిగ్రీలు వాలిపోతుంది. కాలిక్యులేటర్‌లో టాన్ ఇన్వర్స్ 1.5 కొట్టి చూడండి. పోటీల్లో కారును టేబుల్ మీద పెట్టి 60 డిగ్రీలు వంచి చూసేది ఇందుకే. ఆ కోణం 1.7 జీకి సమానం. అలా వాలినప్పుడు పెట్రోలంతా ట్యాంకులో ఒక మూలకు చేరుతుంది. పంపు పీల్చే నోరు ఇంకో మూలన ఉంటే లాగేది గాలినే. అప్పుడు 20 లీటర్ల పంపైనా, 400 లీటర్ల పంపైనా ఒకటే. కావాల్సింది ట్యాంకులో అడ్డుగోడలు, లేదంటే పంపు నోరు ఎప్పుడూ పెట్రోల్లో మునిగి ఉండేలా ఒక చిన్న సర్జ్ ట్యాంకు. వంద రూపాయల అల్యూమినియం ముక్కతో తీరే సమస్యకు వేల రూపాయల పంపు కొనడం ఇంజినీరింగ్ ఎలా అవుతుంది?

బోరు మోటారు చెప్పే పాఠం

ఊరి నుంచి వచ్చిన పిల్లలకు ఈ లెక్క కొత్తగా నేర్పక్కర్లేదు. మీ నాన్నగారిని అడగండి. బోరులో మోటారు దించేముందు ఆయన ఏం చూస్తారు? బోరు ఎన్ని అడుగులు, నీళ్లు ఎన్నించులు, మోటారుకు ఎన్ని స్టేజీలు అని. హెచ్‌పీ ఒక్కటే చూసి ఎవరూ కొనరు. లోతు పెరిగేకొద్దీ అదే మోటారు తక్కువ నీళ్లు పోస్తుందని ఆయనకు తెలుసు. బోరులో ఊరే నీటికంటే పెద్ద మోటారు దించితే గాలి లాగుతూ ఆగి ఆగి పోస్తుందనీ, నీళ్లలో మునిగి లేకపోతే మోటారు వేడెక్కి కాలిపోతుందనీ తెలుసు. స్టార్టర్ డబ్బా మీద వోల్టేజి చూడకుండా బటన్ నొక్కరు.

ఫ్యూయల్ పంపు లోపలి నిర్మాణం వేరు కావచ్చు. ఎంపిక సూత్రాలు మాత్రం ఇవే. బోరు లోతు స్థానంలో ఇక్కడ ప్రెషర్ ఉంటుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ అదే పంపు ఇచ్చే లీటర్లు తగ్గుతాయి. వోల్టేజి తగ్గినా తగ్గుతాయి. పెట్టె మీద రాసిన '255' అనేది ఒకానొక ప్రెషర్ దగ్గర, ఒకానొక వోల్టేజి దగ్గర కొలిచిన అంకె. ఆ రెండూ ఏమిటో తెలియకపోతే ఆ అంకెకు అర్థం లేదు. తయారీదారు ఇచ్చే ఫ్లో గ్రాఫ్ చూడాలి. మీ ప్రెషర్ దగ్గర గీత గీసి, అక్కడ ఎన్ని లీటర్లు వస్తుందో చదవాలి. గ్రాఫ్ ఇవ్వని పంపు ఎంత చవకైనా కొనకండి. అది నకిలీ కాదని చెప్పడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

రెండో సంవత్సరంలోనో మూడో సంవత్సరంలోనో హైడ్రాలిక్ మెషిన్స్ ల్యాబ్‌లో పంపు క్యారెక్టరిస్టిక్ కర్వ్ గీసే ఉంటారు. నిజం చెప్పండి, గీశారా, సీనియర్ రికార్డు నుంచి దించారా? ఇంటర్వ్యూలో ఆగిపోయిన ఆ అబ్బాయి రికార్డులో కూడా ఆ గ్రాఫ్ నీట్‌గా ఉండే ఉంటుంది.

400 హార్స్‌పవర్ కారైతే?

ఇప్పటిదాకా పంపు ఎక్కువైన కథ చెప్పాను. తక్కువైతే ఇంకా ప్రమాదం. ఉదాహరణకు ట్రాక్ కోసం టర్బో పెట్టి 400 హార్స్‌పవర్‌కు పెంచిన కారు తీసుకుందాం. అంటే క్రాంక్ దగ్గర దాదాపు 300 కిలోవాట్లు. టర్బో ఇంజిన్లను వేడి నుంచి కాపాడటానికి మిశ్రమాన్ని కొంచెం రిచ్‌గా నడుపుతారు కాబట్టి కిలోవాట్‌కు 365 గ్రాములు తీసుకోండి. గంటకు 110 కిలోలు, అంటే 146 లీటర్లు. ఈ20 అయితే 156. పావు వంతు మార్జిన్ కలిపితే 195 లీటర్లు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బేస్ ప్రెషర్ 3 బార్ పెట్టారనుకోండి. టర్బో 1 బార్ బూస్ట్ ఇస్తుంటే, ఇంజెక్టర్ అవతలి వైపు నుంచి ఆ 1 బార్ ఎదురు తోస్తుంది. అందుకే రెగ్యులేటర్‌ను మానిఫోల్డ్‌కు కలిపి, బూస్ట్ ఎంత పెరిగితే రైలు ప్రెషర్ అంతే పెరిగేలా చేస్తారు. అంటే పంపు 195 లీటర్లు ఇవ్వాల్సింది 3 బార్ దగ్గర కాదు, 4 బార్ దగ్గర. 3 బార్ దగ్గర 255 ఇచ్చే పంపు 4 బార్ దగ్గర ఎంత ఇస్తుందో గ్రాఫ్ చూస్తేనే తెలుస్తుంది. దానికి తోడు సన్నటి పాత వైరు మీద వోల్టేజి ఒకటిన్నర వోల్టు పడిపోతే, మీరు ఇచ్చిన మార్జిన్ అక్కడికక్కడే కరిగిపోతుంది. అందుకే పెద్ద పంపుకు బ్యాటరీ నుంచి రిలే ద్వారా విడిగా లావు వైరు లాగాలి, ఫ్యూజ్ పెట్టాలి, ఎర్త్ కూడా గట్టిగా ఇవ్వాలి.

చాలకపోతే ఏమవుతుంది? ఐడిల్‌లో కారు బ్రహ్మాండంగా ఉంటుంది. సిటీలో కూడా బాగుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో, బూస్ట్ పీక్‌లో ఉన్నప్పుడు పెట్రోలు తగ్గి మిశ్రమం లీన్ అవుతుంది, నాకింగ్ మొదలవుతుంది. కొన్ని సెకన్లలో పిస్టన్ కరిగి చిల్లు పడొచ్చు. లక్షల ఇంజిన్ పోయేది ఆ ఒక్క క్షణంలో.

పనిలో పనిగా ఒక హెచ్చరిక. ఇదంతా ట్రాక్ మీద నడిచే కార్ల సంగతి. రోడ్డు మీద తిరిగే బండిని అనుమతి లేకుండా మార్చడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. ఉద్యోగం వెతుక్కునే వయసులో కేసు తెచ్చుకోకండి.

'పెట్రోలు పైపు ఇవ్వండి' అంటే చాలదు

రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో షాపుకెళ్లి 'పెట్రోలు పైపు ఇవ్వండి' అంటే, నల్లటి రబ్బరు ట్యూబు మీటరు కోసి ఇస్తారు. అది కార్బ్యురేటర్ బండి పైపు కావచ్చు. దాంట్లో పెట్రోలు దాదాపు తన బరువుతోనే కిందికి దిగుతుంది. మీ ఇంజెక్షన్ సిస్టమ్‌లో ఉండేది 3, 4 బార్. తప్పు మీది, షాపతనిది కాదు. మీరు అడగాల్సింది అడగలేదు.

పైపు మీద అచ్చు చదవండి. ఎస్ఏఈ జే30 ఆర్7 అని ఉంటే అది తక్కువ ప్రెషర్‌కు. ఆర్9 అని ఉంటే ఇంజెక్షన్ ప్రెషర్‌కు. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉండే పైపు ఇంకో రకం, ఆర్10. బయట బాగున్న పైపు లోపల మునిగితే ఉబ్బిపోవచ్చు. ఈ20 వచ్చాక ఇది ఇంకా ముఖ్యం. ఇథనాల్ కొన్ని పాత రబ్బర్లను మెత్తబరిచి, పగిలేలా చేస్తుంది. ఫ్లోరో రబ్బరు లోపలి పొర ఉన్న పైపు గానీ, టెఫ్లాన్ లైనింగ్ ఉన్న అల్లిక పైపు గానీ తీసుకోవాలి.

సైజు సంగతి. రేసింగ్ పైపులకు ఏఎన్ నంబర్లు ఉంటాయి. ఆర్మీ, నేవీ అనే మాటల నుంచి వచ్చిన పేరది. నంబరు అంటే ట్యూబు బయటి వ్యాసం, అంగుళంలో 16వ వంతుల్లో. ఏఎన్ 6 అంటే 6/16, అంటే 9.5 మిల్లీమీటర్లు. ఏఎన్ 8 అంటే అర అంగుళం. 'పెద్ద కారు కదా, ఏఎన్ 10 వేద్దాం' అనే ముందు ఒక లెక్క చూడండి. గంటకు 255 లీటర్లు 3 మీటర్ల పొడవు లైన్‌లో వెళుతుంటే, లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లైతే పోయే ప్రెషర్ సుమారు 0.07 బార్. 6 మిల్లీమీటర్లైతే 0.3 బార్. 4 మిల్లీమీటర్లైతే దాదాపు 2 బార్! వ్యాసం సగమైతే నష్టం పాతిక రెట్లు దాటుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో డార్సీ ఫార్ములా మార్కుల కోసం బట్టీ పట్టాం కదా, దాని పని ఇదే. 400 హార్స్‌పవర్‌కు 8 మిల్లీమీటర్లు హాయిగా సరిపోతుంది. ఏఎన్ 10 వేస్తే డబ్బులు, బరువు రెండూ దండగ.

ఇంకో మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, పంపు తోస్తుంది, లాగదు. బయట బిగించే పంపైతే ట్యాంకుకు దగ్గరగా, కింద ఉండాలి. పీల్చే వైపు పైపు లావుగా, పొట్టిగా ఉండాలి. ఆ వైపు 100 మైక్రాన్ల ముతక ఫిల్టర్, తోసే వైపు 10 మైక్రాన్ల సన్న ఫిల్టర్ పెట్టాలి. తారుమారు చేస్తే పంపు ఊపిరాడక బుడగలు పుట్టిస్తుంది. రెండు, రిటర్న్ లైన్‌ను చిన్నచూపు చూడొద్దు. ఐడిల్‌లో పంపు ఇచ్చేదంతా వెనక్కే వెళ్లాలి. అది ఇరుకైతే రెగ్యులేటర్ ఏం చేసినా రైలు ప్రెషర్ దిగదు. మూడు, క్లిప్పులు. గాడులున్న మామూలు హోస్ క్లిప్పు బిగిస్తే రబ్బరును కోసేస్తుంది. ఫార్ములా స్టూడెంట్ రూల్‌బుక్ చుట్టూ పూర్తిగా పట్టే, అంచులు మడిచిన, నట్టు బోల్టుతో బిగించే క్లాంపులే వాడమంటుంది. ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య ప్లాస్టిక్ పైపులు నిషేధం. ఈ రూళ్లు మనల్ని ఇబ్బంది పెట్టడానికి రాసినవి కావు. వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోలు చిమ్మితే సీట్లో బెల్టులతో కట్టేసి ఉన్నది మీ క్లాస్‌మేటే.

'టైమ్ లేదు సార్'

ఈ మాట కూడా వింటాను. సెమిస్టర్ పరీక్షలు, అటెండెన్స్, స్పాన్సర్ల చుట్టూ తిరగడం, ఈ మధ్యలో ప్రతి పార్టుకూ లెక్కలంటే కుదరదు, పనిచేసిన పార్టును కాపీ కొట్టడమే సేఫ్ అంటారు. ఇందులో కొంత నిజముంది. పెద్ద కార్ల కంపెనీలు కూడా పాత మోడల్ పార్టులను కొత్త మోడల్‌లోకి తెచ్చుకుంటాయి. కాపీ కొట్టడం నేరమేమీ కాదు. కానీ వాళ్లు తెచ్చుకునే ముందు 'కొత్త కారు అవసరానికి ఇది సరిపోతుందా' అని సరిచూసి, కాగితం మీద పెట్టి, సంతకం చేస్తారు. మనవాళ్లు వదిలేసేది ఆ భాగాన్నే. నేను చేసిన లెక్కలు చదవడానికి మీకు ఐదు నిమిషాలు పట్టిందేమో. చేయడానికి గంట చాలు. పంపు ఎక్కడ తక్కువకు దొరుకుతుందని వెతకడానికి అంతకంటే ఎక్కువ సమయమే పెట్టి ఉంటారు.

అసలు లోపం పిల్లల్లోనే ఉందని కూడా నేను అనను. కాలేజీలు కారు తయారైందా, ఫొటో వచ్చిందా, బ్రోచర్‌లో వేసుకోవచ్చా అని చూస్తాయి. 'ఈ పార్టు ఎందుకు?' అని అడిగే అధ్యాపకుడు ఉన్న టీమ్ అదృష్టవంతులది. ఫైనలియర్ ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరికే చోట ఎవరైనా లెక్క ఎందుకు చేస్తారు? కానీ ఇంటర్వ్యూ గదిలోకి మీ కాలేజీ రాదు. మీరొక్కరే వస్తారు.

ఈవీల కాలంలో ఇదెందుకు?

మంచి ప్రశ్న. పెట్రోలు పంపు కోసమే నేర్చుకుంటే దానికి రోజులు తగ్గుతున్న మాట నిజమే. కానీ మీరు నేర్చుకుంటున్నది వేరు. అవసరం ఎంత, ఏ ప్రెషర్ దగ్గర, దారిలో నష్టమెంత, మార్జిన్ ఎంత, చెడితే ఏమవుతుంది అనే ఐదు ప్రశ్నలు. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ పంపుకూ ఇవే ప్రశ్నలు. విమానం ఇంధన వ్యవస్థకూ ఇవే. ఫార్మా ప్లాంటులో పైపులైన్లకూ, ఎత్తిపోతల పథకంలో మోటార్లకూ ఇవే. పెనుకొండ కియా ప్లాంటులో క్వాలిటీ ఉద్యోగమైనా, హైదరాబాద్‌లోని ఇంజినీరింగ్ సెంటర్లలో సిమ్యులేషన్ ఉద్యోగమైనా, చెన్నై, పుణెల్లో టెస్టింగ్, కాలిబ్రేషన్ ఉద్యోగమైనా, ఇంటర్వ్యూ చేసేవాళ్లు వెతికేది ఈ ఆలోచన తీరునే. సాఫ్ట్‌వేర్ టూల్ వాళ్లు రెండు నెలల్లో నేర్పిస్తారు. ఇది నేర్పించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఒక్క పేజీ రాయండి

కాబట్టి నా సలహా ఇదే. మీ టీమ్ కారు ఏదైనా సరే, కారు లేకపోతే మీ ఇంట్లో ఉన్న ఇంజెక్షన్ బైకే అయినా సరే, ఫ్యూయల్ సిస్టమ్ మీద ఒక పేజీ రాయండి. అందులో ఇవి ఉండాలి: ఇంజిన్ శక్తి, గంటకు కావాల్సిన లీటర్లు, పనిచేసే ప్రెషర్, పంపు గ్రాఫ్ మీద మీ పాయింటు, పైపు లోపలి వ్యాసం, దాంట్లో పోయే ప్రెషర్, పైపు మీద ఉన్న గ్రేడు, చెడిపోతే జరిగే మూడు విషయాలు, వాటికి మీరు పెట్టిన కాపలా.

టీమ్ కారైతే ఆఖర్న ఒక కొలత. ఇంజిన్ ఆపి, చల్లారాక, రెగ్యులేటర్ తర్వాత రిటర్న్ లైన్‌ను లోహపు కొలపాత్రలోకి పెట్టి, పని ప్రెషర్ దగ్గర పంపును 30 సెకన్లు నడపండి. వచ్చిన లీటర్లను 120తో గుణిస్తే గంటకు ఎంతో తెలుస్తుంది. అదే సమయంలో పంపు టెర్మినల్స్ దగ్గర వోల్టేజి కొలవండి. 195 లీటర్లు కావాల్సిన కారైతే 30 సెకన్లకు 1.6 లీటర్లు పైగా రావాలి. ఇది ఆరుబయట, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా, ఫ్యాకల్టీ ఎదుట చేయాలి. దగ్గర్లో గ్రైండింగ్, వెల్డింగ్, ఫోన్ చార్జింగ్ ఏవీ ఉండకూడదు. మల్టీమీటర్ వైర్లు పంపు ఆన్ చేయకముందే బిగించాలి. ఇంట్లో, హాస్టల్ గదిలో మాత్రం వద్దే వద్దు.

లెక్కకూ కొలతకూ తేడా వస్తే కంగారుపడకండి, దాచకండి. 'లెక్కలో 230 రావాలి, కొలిస్తే 190 వచ్చింది, వోల్టేజి చూస్తే 11.8 ఉంది, వైరు మార్చాక 225కు వచ్చింది' అని ఒక అభ్యర్థి చెప్పాడనుకోండి, ఆ తర్వాత నేను అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు. పంపు ఏ కంపెనీదో కూడా అడగను.

మొదట్లో చెప్పిన అబ్బాయికి ఆ రోజు ఉద్యోగం రాలేదు. వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, 'సార్, ఆ లెక్క ఎలా చేయాలి?' అని అడిగాడు. తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసి ఇచ్చాను. పైన మీరు చదివింది ఆ నాలుగు లైన్లనే.